మార్చిలో మిల్లు లేదు

చిలకలూరిపేట మీద మంచు కురుస్తోంది.

కురవడమంటే అలా ఇలా కాదు. హైవే కనపడటం లేదు. చేలు లేవు, దిబ్బలు లేవు, ఎటు చూసినా సున్నం పోసి ఆరబెట్టినట్టు ఒకటే తెలుపు. ఫిజా విమానాన్ని ఇంకొంచెం కిందికి దించింది. ఊళ్ళు ఉండాల్సిన చోట ఊళ్ళు కూడా లేవు.

"ఏందే అది, కాశ్మీరా?" వెనక నుంచి సాదిక్ తొంగిచూశాడు.

"పేట, అన్నా."

"పేటలో మంచా? అయితే ఈ సీసీ కెమెరాలు ఆపేసి స్వెట్టర్లు అమ్ముకుందాం పద."

సాదిక్ ఫిజా పెదనాన్న కొడుకు. పేట బస్టాండు దగ్గర అతనికి కంప్యూటర్లు బాగుచేసే, సీసీ కెమెరాలు బిగించే షాపు ఉంది. ఫిజా పాలిటెక్నిక్‌లో రెండో ఏడు. కాలేజీ అయ్యాక వచ్చి షాపులో ఒక మూల కూర్చుంటుంది. ఆ విమానాల సిమ్యులేటరు, ఎవరో రిపేరుకిచ్చి మళ్ళీ తీసుకెళ్ళని ఒక కంప్యూటర్లో దొరికింది. బాగా పాతది. చేసిన కంపెనీ ఏనాడో మూతపడింది. ఏ చలిదేశంలోనో కూర్చుని చేసినట్టున్నారు, జనవరి వస్తే చాలు, లోకమంతా మంచు కప్పేస్తుంది. గుంటూరు అని లేదు, ఒంగోలు అని లేదు.

సాదిక్ నవ్వుకుంటూ కౌంటరు దగ్గరికి పోయాడు. ఫిజా నవ్వలేదు. ఆమె ఆ తెల్లటి నేల మీద ఒక చోటు కోసం వెతుకుతోంది. మంచు ఉన్నా లేకపోయినా ఆ చోట ఏమీ లేదని ఆమెకు తెలుసు. అయినా వెతుకుతోంది.

ఆ చోట ఒకప్పుడు వాళ్ళ ఇల్లుండేది.

హైవే ఫ్లైఓవరు దిగగానే ఎడంపక్క, ముందు పరుపుల షెడ్డు, వెనక రెండు రేకుల గదులు, మధ్యలో వేపచెట్టు. నూర్‌బాషాల ఇళ్ళల్లో దూది ఏకడం తాతలనాటి పని. ఫిజా తాత విల్లు పట్టి దూది ఏకిన చోటే నాన్న గౌస్ బాషా మిషను పెట్టాడు. షెడ్డు పైకప్పుకు నీలం రంగు వేయించి, దాని మీద తెల్లగా, ఒక్కో అక్షరం మనిషంత పొడుగున, ‘గౌస్ పరుపులు’ అని రాయించాడు. ఫ్లైఓవరు మీద బస్సుల్లో పోయేవాళ్ళకు కనపడాలని ఆయన ఆశ. అమ్మ సైదాబీ ఆ రోజు ఎంత నవ్విందో.

"కప్పు మీద పేరేందయ్యా? ఇమానాల్లో పోయేవాళ్ళు ఆపి, దిగొచ్చి పరుపు కుట్టించుకుంటారా?"

"ఏమో, కుట్టించుకోకూడదా?" అన్నాడు నాన్న, రంగు చేతులు తుడుచుకుంటూ.

షెడ్డు వెనక చేలన్నీ పత్తి వ్యాపారి పూర్ణచంద్రరావు కొన్నాడు. పత్తిలోంచి గింజ తీసే జిన్నింగు మిల్లు కట్టాలి, లోపలికి పత్తి లారీలు రావాలి, హైవే మీదికి పెద్ద గేటు పెట్టాలి. గేటుకు సరిగ్గా అడ్డంగా గౌస్ పరుపులు. రెండుసార్లు మనుషుల్ని పంపాడు. తాతలనాటి చోటు వదిలి ఎక్కడికీ పోనన్నాడు నాన్న. తర్వాత సత్తెనపల్లిలో చుట్టాల పెళ్ళికి అందరూ కలిసి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి అక్కడ ఎర్ర గ్రావెలు పోసి రోలరు తొక్కించి ఉంది. గోడలు లేవు. మిషను లేదు. వేపచెట్టు మొదలు కూడా పెకలించి, గుంట పూడ్చి, నేలను అరచెయ్యిలా చదును చేశారు. బస్సు దిగి, సంచులు పట్టుకుని, ముగ్గురూ ఆ ఎర్రటి నేల మీద తమ ఇల్లెక్కడో తెలియక అటూ ఇటూ తిరిగారు.

పెద్దమనుషులు కూర్చున్నారు. పూర్ణచంద్రరావు గారు కుర్చీలో వెనక్కి వాలి, ఎంతో ఆశ్చర్యంగా అడిగాడు.

"అక్కడ ఇల్లెక్కడుంది? నేను చూళ్ళేదే. మీరెవరన్నా చూశారా?"

కూర్చున్నవాళ్ళలో సగం మంది కూతుళ్ళ పెళ్ళిళ్ళకు పరుపులు ఆ షెడ్డులోనే కుట్టించుకున్నారు. ఎదురుగా టీ బంకు నడిపే బాజీ రోజూ ఆ వేపచెట్టు కిందే కునుకు తీసేవాడు. రేపు పత్తి అమ్మాలంటే అందరికీ పూర్ణయ్యగారి మిల్లే దిక్కు. ఒకడు నేల చూశాడు, ఒకడు ఫోను చూసుకున్నాడు. బాజీ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నాన్న ఫోనులో ఫోటో చూపించబోతే, "ఏ ఊరి ఫోటోనో" అన్నారు.

ఫిజా అమ్మ వెనక నిలబడి ఉంది. ‘నేను చూశాను. నేను అందులోనే పుట్టాను’ అనే మాట గొంతు దాకా వచ్చింది. కాలేజీలో హాజరు పిలిస్తే పలకడానికే నోరు పెగలని పిల్ల. ఆ మాట గొంతు దాకా వచ్చి అక్కడే ఉండిపోయింది. ఆనాటి నుంచీ అక్కడే ఉంది. అన్నం తింటుంటే అడ్డం పడుతుంది.

నాన్న కేసులూ కోర్టులూ వద్దన్నాడు. బజార్లో ఇంకొకరి షాపులో పరుపులు కుట్టే పనికి కుదిరాడు. అమ్మ మిర్చి కాలంలో తొడిమలు తియ్యడానికి, పత్తి కాలంలో పత్తి తియ్యడానికి పోతోంది. ఆ రేకుల ఇంటి మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తనంత మాత్రాన ఫిజా మరిచిపోలేదు.

ఆ సిమ్యులేటరులో ఇల్లు మళ్ళీ కట్టాలని ఆమెకు ఆ మంచు రోజునే బుద్ధి పుట్టింది. అందులో బొమ్మలు పెట్టే పనిముట్టు ఏదీ లేదు. నేల, కొండలు, ఇళ్ళు అన్నీ కొన్ని ఫైళ్ళలో ఉన్నాయి. ఆ ఫైళ్ళు ఎలా రాశారో కంపెనీ వాళ్ళు ఎవరికీ చెప్పలేదు, చెప్పకుండానే పోయారు. తెరిచి చూస్తే అంకెలు, మధ్యమధ్య ఇంగ్లీషు అక్షరాలు, వరస తర్వాత వరస, ఎక్కడ మొదలో ఎక్కడ తుదో లేకుండా. గింజ తియ్యని పత్తి బస్తా బోర్లించినట్టుంది.

తాత దూదిని ఎలా ఏకేవాడో ఆమెకు గుర్తుంది. ముద్దను లాగి చింపేవాడు కాదు. విల్లు నారిని ఒక్కసారి మీటి, ఏ పోగు కదిలిందో చూసేవాడు. మళ్ళీ మీటేవాడు. ఫిజా కూడా అదే చేసింది. గన్నవరం విమానాశ్రయం ఫైలుకు నకలు తీసుకుంది. అందులో ఒక్క అంకె మార్చింది. సిమ్యులేటరు తెరిచి ఏం కదిలిందో చూసింది. చాలాసార్లు ఏమీ కదిలేది కాదు. కొన్నిసార్లు కంప్యూటరే ఆగిపోయేది. ఒకసారి విమానాల షెడ్డు తలకిందులై ఆకాశంలో వేలాడింది. ఇంకోసారి రన్‌వే మీద దీపాలన్నీ ఒకదాని మీద ఒకటి నిచ్చెనలా నిలబడ్డాయి. షెడ్డు అడుగు పక్కకు జరిగిన రోజు ఫిజా కుర్చీలోంచి లేచి నిలబడింది. అప్పుడు ఏ అంకెలు తూర్పు పడమరలు చెబుతాయో తెలిసిపోయింది.

నేల మాత్రం లొంగలేదు. ఉపగ్రహం తీసిన ఫోటోలోంచి పేట చుట్టుపక్కల నేలను తెచ్చి ఆ ఫైలులో అమర్చితే, తెర మీద చిందరవందర. రోడ్డు దువ్వెన పళ్ళలా ముక్కలైపోయి, ఒక ముక్క ఎడమన, ఒక ముక్క కుడిన పడుతోంది. ఆ వానాకాలమంతా అక్కడే ఆగిపోయింది.

పత్తి పగిలాక ఒక ఆదివారం అమ్మతో కలిసి పత్తి తీతకు పోయింది. ఒక్కో సాలు ఒక్కో మనిషికి. నడుముకు ఒడి కట్టుకుని, సాలు వెంట తీసుకుంటూ పోయి, గట్టు చేరాక అటు తిరిగి, పక్క సాలు తీసుకుంటూ వెనక్కి వస్తారు. మళ్ళీ మొదటికి నడిచిపోయి మొదలుపెట్టరు. ఊరికే నడవడం ఎందుకు? ఫిజా గట్టు దగ్గర తిరగబోతూ, చేతిలో పత్తికాయ పట్టుకుని అలా నిలబడిపోయింది.

"ఏందే, పామా?" అంది పక్క సాలులోంచి సంతోషకుమారి. ఆమె, అమ్మ ఏళ్ళ తరబడి జతగా పనికి పోతారు.

"కాదు అత్తా. వాళ్ళూ ఇట్టాగే తిరిగొచ్చారు."

"ఎవరే?"

ఎవరో ఫిజా చెప్పలేదు. మర్నాడు ఒక వరసను ఎడమ నుంచి కుడికి, తర్వాతి వరసను కుడి నుంచి ఎడమకు చదివేలా రాసింది. తెర మీద రోడ్డు ఒక్క గీతలా కలిసింది. పేట, ఫ్లైఓవరు, చేల గట్లు, అన్నీ వాటి చోట్లలో వచ్చి కూర్చున్నాయి.

తర్వాత పనంతా పరుగులు పెట్టింది. పేట నుంచి గుంటూరు, మంగళగిరి మీదుగా గన్నవరం దాకా నేలంతా అమర్చింది. నేలకు నాలుగు కాలాలకు నాలుగు అరల్లో నాలుగు బొమ్మలుంటాయని, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఒకటి, మార్చి నుంచి ఇంకొకటి, అలా కంప్యూటరు తారీఖును బట్టి అవే మారతాయని కనిపెట్టింది. చలికాలం అరలోంచి మంచు తీసేసి పగిలిన పత్తిచేలు పెట్టింది. ఎలాగూ తెలుపే. మార్చి అరలో ఎర్రటి మిర్చి కల్లాలు పరిచింది. చేతికొచ్చిన పద్ధతులన్నీ కలిపి ఒక చిన్న ప్రోగ్రాము రాసి, దానికి ‘ఏకు’ అని పేరు పెట్టింది. దానితో ఎవరైనా తమ ఊరిని సిమ్యులేటరులో కట్టుకోవచ్చు. నాన్న ఫోనులోని ఫోటో చూసి నీలం కప్పును, దాని మీది తెల్ల అక్షరాలను, వేపచెట్టును తయారుచేసుకుంది. ఇంకా ఎక్కడా పెట్టలేదు.

అప్పుడు సాదిక్ ఆ వార్త తెచ్చాడు.

"ఫిజా, ఒక పనొచ్చిందే. వద్దనకుండా విను." గొంతు తగ్గించాడు. "పూర్ణయ్యగారి మిల్లు ప్రారంభం. వాళ్ళబ్బాయి చైతన్యకృష్ణ లేడూ, పైలట్ ట్రైనింగు చేసొచ్చినోడు, వాడికి మూడు తెరలు పెట్టుకుని విమానం నడిపే పిచ్చి. నువ్వు ఆడే ఈ పాతదే. ప్రారంభం రోజు పెద్ద తెర మీద గన్నవరంలో విమానం లేపి, వాళ్ళ మిల్లు మీదికి తెచ్చి, గుండ్రంగా తిప్పి చుట్టాలకు చూపిస్తాడంట. అందులో మిల్లు పెట్టేవాళ్ళు కావాలంట. హైదరాబాదులో అడిగితే ఆ ఫైళ్ళు ఎవరివల్లా కాదన్నారు. నేను మన పిల్ల చేస్తదని చెప్పి వచ్చా."

ఫిజా అతన్ని చూసింది.

"నాకు తెలుసే," అన్నాడు సాదిక్, చూపు తిప్పుకుని. "మనసు రగులుతది. కానీ మిల్లుకు కెమెరాలన్నీ నాకిస్తానన్నారు. చిన్నాన్నకు చెప్పమాక. చేస్తావా?"

"ప్రారంభం ఎప్పుడు?"

"మార్చి ఒకటి. పంతులుగారు అదే మంచి ముహూర్తమన్నాడంట."

ఫిజా తల దించుకుని చాలాసేపు కీబోర్డు మీది దుమ్ము తుడిచింది. మార్చి ఒకటి. ఫిబ్రవరి ఆఖరి రోజు దాకా ఒక అర, ఆ మర్నాటి నుంచి ఇంకొక అర.

"చేస్తాను అన్నా," అంది.

చైతన్యకృష్ణ షాపుకొచ్చాడు. మంచి బట్టలు, మంచి సెంటు, మర్యాదగానే మాట్లాడాడు. ఫిజా ఎవరో అతనికి తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం కూడా అతనికెప్పుడూ రాలేదు.

"ఈ అమ్మాయేనా? భలే. మాట్లాడదా?"

"పని మాట్లాడుద్ది సార్," అన్నాడు సాదిక్.

అతను ఫోనులో మిల్లు ఫోటోలు చూపించాడు. తెల్లటి షెడ్లు, రాజగోపురమంత గేటు. "ఇదిగో ఇక్కడ, గేటు ముందు ఈ ఖాళీ ఉంది చూశావా, ఇక్కడ గార్డెన్ పెట్టు. పూలు, ఫౌంటెను. ఇంకా వెయ్యలేదులే, వేస్తాం. ఇక్కడ మొదట్నుంచీ ఏమీ లేదు, ఉట్టి పోరంబోకు. చూడ్డానికి అసహ్యంగా ఉంటది."

"అట్టాగేనండి," అంది ఫిజా. ఆమె అతనితో అన్న మొదటి మాట అదే.

మిల్లును ఆమె ప్రాణం పెట్టి కట్టింది. గేటు మీది సింహాలను కూడా వదల్లేదు. పత్తి లారీలు బారులు తీరాయి, గేటు ముందు పూలు పూశాయి, ఫౌంటెనులో నీళ్ళు చిమ్మాయి. సాదిక్ చూసి ఈల వేశాడు. "ఓసినీ! అసలు మిల్లు కంటే ఇదే బాగుంది. నీకు కోపం లేదా ఏందే?"

ఫిజా ఫౌంటెను పక్కన మొలిచిన చెట్ల కేసి చూస్తోంది. ఆ వారమంతా ఇంకో సంగతి ఆలోచిస్తోంది. సిమ్యులేటరులో నేల మీద చెట్లు వాటంతట అవే మొలుస్తాయి. మరి రన్‌వే మీద ఎందుకు మొలవవు? మొలవొద్దని వాటికి ఎవరు చెప్పారు? గన్నవరం ఫైలులో వెతికితే దొరికింది. నాలుగే నాలుగు అంకెలు. ఉత్తరం గట్టు, దక్షిణం గట్టు, తూర్పు గట్టు, పడమర గట్టు. ఆ నాలుగు గట్ల మధ్య అప్పటిదాకా ఉన్న చెట్టు గానీ ఇల్లు గానీ ఏదీ ఉండకూడదని, గట్లు వేశాక పెట్టినవి మాత్రం ఉండొచ్చని దాని అర్థం. పక్కనే ఇంకో అంకె, ఏ కాలంలో ఉండకూడదో చెప్పేది.

ఇళ్ళు పడగొట్టే ప్రొక్లెయిన్‌కు డీజిలు కావాలి, డ్రైవరు కావాలి, ఇంటివాళ్ళు పెళ్ళికి పోవాలి. దీనికి నాలుగంకెలు చాలు.

ఆమె మిల్లు చుట్టూ కొలిచి ఆ నాలుగంకెలు వేసింది. గేటు, సింహాలు, ఫౌంటెను, అన్నీ గట్ల లోపలే పడేట్టు చూసుకుంది. పక్కన కాలం అంకెలో మార్చి నుంచి మొదలయ్యే కాలాన్ని పెట్టింది. గట్లు వేశాక, గ్రావెలు ఉన్నచోట, ఒక్క మార్చి అరలోనే, ఫ్లైఓవరు దిగగానే ఎడంపక్క, నీలం కప్పు షెడ్డును నిలబెట్టింది. వెనక రెండు గదులు. మధ్యలో వేపచెట్టు. ఆ చెట్టును ఎక్కడ పెట్టాలో కొలవనక్కర్లేకపోయింది.

కంప్యూటరు తారీఖును మార్చి ఒకటికి జరిపి చూసుకుంది. తర్వాత మళ్ళీ ఫిబ్రవరికి తెచ్చి, ఫైలు సాదిక్ చేతికిచ్చింది.

చైతన్యకృష్ణకు మిల్లు తెగ నచ్చేసింది. ఫిబ్రవరి మిగిలిన రోజులన్నీ దాని మీదుగా ఎగురుతూనే ఉన్నాడు. ఆఖరి రోజు సాయంత్రం కూడా ఒకసారి తిప్పి చూసుకుని, బ్రహ్మాండంగా ఉందని సాదిక్‌కు ఫోను చేశాడు.

మార్చి ఒకటిన మిల్లు ముందు షామియానాలు వేశారు. పత్తి వ్యాపారులు, బ్యాంకువాళ్ళు, ముందు వరసలో ఆర్డీవో గారు. మిల్లులో పనికి కుదిరినవాళ్ళకూ చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళకూ భోజనాలు. తొడిమలు తీసే ఆడవాళ్ళు కూడా వచ్చారు. సైదాబీ రానంది. ఆ గ్రావెలు మీద కాలు పెట్టనని చాలా కాలం కిందటే ఒట్టేసుకుంది.

"ఈ ఒక్కసారి రా అమ్మా," అంది ఫిజా.

ఆ పిల్ల ఎప్పుడూ ఏదీ అడగదు. అందుకే సైదాబీ వచ్చింది. సంతోషకుమారికీ ఫిజాకూ మధ్య, కూలివాళ్ళ వరసలో, కొంగు తల మీదికి లాక్కుని కూర్చుంది.

పూజ అయింది. రిబ్బను కత్తిరించారు. ఇంటి గోడంత తెర మీద విమానం ముక్కు, దాని ముందు రన్‌వే వెలిగాయి. చైతన్యకృష్ణ వేదిక మీద కూర్చుని విమానాన్ని లేపాడు. పూర్ణచంద్రరావు మైకు పట్టుకుని ఒక్కొక్కటీ చెబుతున్నాడు. ఆయన ఆనందం అంతా ఇంతా కాదు.

"అదిగో కృష్ణ! ఇదిగో మంగళగిరి కొండ, గుడి కూడా ఉంది చూడండి! ఇప్పుడు గుంటూరొచ్చాం. ఆ ఎర్రగా కనపడేవి మిర్చి కల్లాలు. ఏమ్మా, మీరు తీసే కాయలే!"

కూలివాళ్ళ వరసలో కేరింతలు. ఎర్ర కల్లాలు చూసి చైతన్యకృష్ణ మాత్రం ఒక్క క్షణం తటపటాయించాడు. నిన్న అవి తెల్లగా ఉన్నాయి. తండ్రి మాట్లాడుతూనే ఉన్నాడు, జనం చప్పట్లు కొడుతున్నారు, విమానం ముందుకు పోతోంది.

"ఇది పేట! ఫ్లైఓవరు! ఇంక చూడండి, మన మిల్లు. దించరా, దించి చూపించు."

విమానం దిగింది. ఫ్లైఓవరు దాటింది. తెర నిండా మిర్చి కల్లాలు.

"ఎటు పోతున్నావురా?"

"ఇదే నాన్నా. ఇదే రోడ్డు."

"మిల్లేదిరా?"

చైతన్యకృష్ణ విమానాన్ని పక్కకు వంచి గుండ్రంగా తిప్పాడు. గేటు లేదు, సింహాలు లేవు, షెడ్లు లేవు. వెయ్యి లారీలు తిరగాల్సిన చోట ఎండలో మిరపకాయలు ఆరుతున్నాయి. విమానం వంగిన కొద్దీ కిందనుంచి ఒక నీలం కప్పు మెల్లగా తెర మధ్యకు వచ్చింది. దాని మీద తెల్లటి అక్షరాలు. వేదిక ముందు ఉన్నవాళ్ళకు, వెనక ఉన్నవాళ్ళకు, పాయసం వడ్డించే చోట నిలబడ్డవాళ్ళకు, అందరికీ స్పష్టంగా.

"ఓరి దేవుడో!" సంతోషకుమారి లేచి నిలబడింది. "అది సైదాబీ వాళ్ళ ఇల్లు గదంటే! అదిగో పేరు! అదిగో ఏపచెట్టు!"

"అవునవును, గౌసన్న షెడ్డే," అని ఎవరో అన్నారు.

"నా పెద్దమ్మాయి పెళ్ళికి పరుపులు అక్కడే గదా..."

బాజీ టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని తెరకేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "నేను రోజూ పడుకునే చెట్టు," అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు. కానీ పక్కనున్న పదిమందీ విన్నారు.

పూర్ణచంద్రరావు మొహం కందగడ్డలా అయింది. కొడుకు మీద పడ్డాడు. చేతిలో మైకు ఉన్న సంగతే మరిచిపోయాడు.

"ఎవడ్రా ఈ కొంపను మళ్ళీ లేపింది? నేను దగ్గరుండి పడగొట్టించి, చెట్టు మొదలు కూడా పీకించి, రోలరు తొక్కించిన కొంపరా ఇది! ఇందులోకెట్టా వచ్చింది?"

షామియానా నాలుగు మూలలా ఉన్న స్పీకర్లు ఆ మాటను పేట దాకా వినపడేలా పలికాయి. ఆర్డీవో గారు ఆయన్నీ తెరనీ మార్చి మార్చి చూశాడు. వీడియోలు తీస్తున్న ఫోనులు దిగలేదు. తెర మీద విమానం నడిపేవాడు లేక, వంగినది వంగినట్టే, ఆ నీలం కప్పు చుట్టూ తిరుగుతోంది.

సైదాబీ కొంగు తల మీంచి జారింది. ఆమె సర్దుకోలేదు. కూతురి మొహంలోకి చూసింది. ఫిజా తెరను చూడటం లేదు. పూర్ణచంద్రరావునే చూస్తోంది. ఆయన నోరు తెరిచి మూసి మళ్ళీ తెరవడం, కుర్చీ కోసం వెనక్కి తడుముకోవడం, ఏదీ వదలకుండా చూస్తోంది. ఆయన నేల చూపులు చూసేదాకా రెప్ప వాల్చలేదు.

"పద అమ్మా," అంది అప్పుడు.

"భోజనం?"

"ఇంట్లో తిందాం."

సాయంత్రం షాపులో సాదిక్ తల పట్టుకుని కూర్చున్నాడు. కెమెరాల పని పోయింది. బిగించినవి కూడా పీకి తీసుకుపొమ్మన్నారు.

"నా నోట్లో మన్ను కొట్టావు గదే. నన్నొక్క మాట అడిగుంటే ఏంపోయేది?"

"అడిగితే వద్దంటావు."

"అంటాను! కాళ్ళు పట్టుకుని మరీ వద్దంటాను!" కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "రోలరు తొక్కించానని మైకులో చెప్పాడంటే... చిన్నాన్న విన్నాడా?"

"వీడియో ఎవరో చూపించారంట. కుట్టేది ఆపి రెండుసార్లు చూశాడంట. మళ్ళీ కుట్టుకుంటున్నాడంట."

ఆ మాటల్లోనే బయట కారాగింది. చైతన్యకృష్ణ ఒక్కడే వచ్చాడు. పొద్దున వేసుకున్న బట్టలే, నలిగి ఉన్నాయి. అతనికి ఇప్పుడు ఫిజా ఎవరో తెలిసింది. అరుస్తాడేమోనని సాదిక్ లేచి అడ్డం నిలబడ్డాడు. అరవలేదు.

"చూడమ్మా, అయిందేదో అయింది. నాన్న అన్నం తినకుండా కూర్చున్నారు. వచ్చినవాళ్ళందరి ముందూ... సరే. ఆ ఫైలు సరిచేసివ్వు. మిల్లు మళ్ళీ కనపడితే చాలు. నేను చాలామందికి చూపించాను. ఎవరికీ తెరవడం కూడా రావట్లేదు. నువ్వొక్కదానివే చెయ్యగలవు. తప్పు దిద్దమంటున్నాను, అంతే."

ఫిజా కుర్చీలోంచి లేచింది. గొంతులో ఇన్నాళ్ళూ అడ్డం పడి ఉన్నది ఈసారి దారిచ్చింది.

"అందులో తప్పేం లేదండి," అంది. "అక్కడ మిల్లెక్కడుంది? నేను చూళ్ళేదే."

చైతన్యకృష్ణ సాదిక్ కేసి చూశాడు.

సాదిక్ స్క్రూడ్రైవరు చేతిలో తిప్పుతూ, కెమెరాలు పోయినవాడు కదా, బిల్లు పుస్తకం కేసి చూశాడు. ఆఖరికి, "నేను కూడా చూళ్ళేదు సార్," అన్నాడు.

కారు వెళ్ళిపోయింది. ఫిజా కంప్యూటరు ముందు కూర్చుంది. ఆ పాత సిమ్యులేటరును ఇంకా వదలనివాళ్ళు ఏవేవో దేశాల్లో ఉన్నారు. వాళ్ళందరూ కలిసే చోటు ఒకటి ఇంటర్నెట్లో ఉంది. ఫిజా ఇన్నాళ్ళూ అక్కడ చదవడమే తప్ప ఒక్క మాట రాసింది లేదు. ఆ రోజు ‘ఏకు’ను, గుంటూరు, పేట నేలలను, ఎవరైనా తీసుకోవచ్చని అక్కడ పెట్టబోయింది. బజారు నుంచి కూరగాయల సంచితో సైదాబీ వచ్చి పక్కన స్టూలు మీద కూర్చుంది. తెర మీద మళ్ళీ ఆ నీలం కప్పు. ఆమె దాన్ని ఒక్కసారి వేలితో తాకింది.

"ఆ పూర్ణయ్య మొహం చూశాను," అంది. "నాకు తృప్తిగా ఉంది. ఇంక చాలు కదంటే."

ఫిజా ఫైలు మళ్ళీ తెరిచింది. మిల్లు చుట్టూ వేసిన నాలుగు గట్ల పక్కన, కాలం అంకె దగ్గర వేలు పెట్టింది.

"మార్చి ఒక్కటే అయిందమ్మా," అంది. "ఇంకా మూడు కాలాలున్నాయి."